చిన్న బొమ్మకు మన ఒంటి రంగు, బతికున్న కళ్లు వెయ్యడం ఎలా

మినియేచర్ పెయింటింగ్, అంటే చిన్నచిన్న మనుషుల బొమ్మలకి రంగులెయ్యడం, మొదలుపెట్టినవాళ్లు తుపాకీ, బెల్టు, బూట్లు, యూనిఫాం వరకు బాగానే లాగించేస్తారు. మొహం దగ్గరికి వచ్చేసరికి టెన్షన్ మొదలవుతుంది. కొందరు మొహమంతా ఒకటే బ్రౌన్ పూసి వదిలేస్తారు, కొందరు దెయ్యాన్ని చూసి జడుసుకున్నట్టు కళ్లు వేస్తారు. రెంటికీ కారణం ఒకటే. ఒళ్లు బ్రౌన్, కన్ను తెలుపు, దాని మధ్యలో నల్ల చుక్క అని చిన్నప్పటి డ్రాయింగ్ క్లాసు నుంచి మనసులో ఉండిపోయిన లెక్క ప్రకారం వేస్తాం తప్ప, ఎదురుగా కూర్చున్న మనిషిని చూసి వెయ్యం.

ఇక్కడ ఉదాహరణకి 1944లో ఇటలీలో కాసినో దగ్గర పోరాడిన భారత సైనికుడి బొమ్మ తీసుకుందాం, 75 ఎంఎం (మిల్లీమీటర్ల) ఎత్తుది, రెజిన్ అనే గట్టి ప్లాస్టిక్ లాంటి పదార్థంతో అచ్చు పోసింది. బల్ల మీద యుద్ధం ఆటలకి వాడే 28 ఎంఎం బొమ్మలకి ఏం మార్చుకోవాలో మధ్యమధ్యలో చెప్తాను. ఈ బొమ్మనే ఎందుకు ఎంచుకున్నానంటే, ఫ్లాట్ ఫ్లెష్, బేసిక్ స్కిన్ టోన్, కేడియన్ ఫ్లెష్‌టోన్ అని సీసాల మీద పేర్లుండే రంగులన్నీ తెల్లవాళ్ల ఒంటికి సరిపోయేవే. వాటితో మన సిపాయిని వేస్తే లండన్ నుంచి దిగినట్టుంటాడు, వాటిలోనే కాస్త బ్రౌన్ కలిపితే ఎండకి కమిలిన ఇంగ్లీషువాడు అవుతాడు. కాబట్టి ఆ సీసాలు పక్కన పెట్టి రంగు మొదటినుంచీ మనమే కలుపుకోవాలి.

ముందు పనులు త్వరగా చెప్పేస్తాను. రెజిన్ బొమ్మని గోరువెచ్చటి సబ్బునీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో కడిగి ఆరనివ్వండి, లేకపోతే అచ్చు నుంచి తీసేటప్పుడు అంటిన జిడ్డు మీద ప్రైమర్, అంటే రంగు పట్టడానికి ముందుగా వేసే అడుగు పూత, నిలవదు. స్ప్రే ప్రైమర్ కొట్టడానికి వాతావరణం చూసుకోండి. వానాకాలంలో, అందులోనూ విశాఖ, కాకినాడ లాంటి చోట్ల గాలిలో తేమ ఎక్కువున్న రోజు కొడితే పైన గరుకుగా పొడిపొడిగా తేలుతుంది. మే నెల మధ్యాహ్నం దూరం నుంచి కొడితే బొమ్మని చేరేలోపే గాలిలో ఆరిపోయి ఇసుక చల్లినట్టవుతుంది. పొద్దున్నే కొట్టుకోవడం మేలు. ముందు నలుపు అంతటా కొట్టి, ఆరాక పైనుంచి మాత్రమే తెలుపు కొద్దిగా కొడితే వెలుతురు ఎక్కడ పడుతుందో, నీడ ఎక్కడుంటుందో బొమ్మే చూపిస్తుంది. ఆ దశలో ఫోన్‌లో ఒక ఫొటో తీసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

కలిపిన రంగు ఎండిపోకుండా తడిగా ఉంచే వెట్ ప్యాలెట్ కొనక్కర్లేదు. గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బా, అడుగున తడిపిన టిష్యూ మడతలు, పైన బేకింగ్‌కి వాడే బటర్ పేపర్, అంతే. ఎండాకాలంలో నీళ్లు రోజూ మార్చాలి, లేకపోతే రెండు మూడు రోజుల్లో వాసనొస్తుంది.

కుంచె విషయంలో చాలామంది పొరబడేది సైజు దగ్గర. కన్ను చిన్నది కదా అని 000 కొంటారు. దాని పొట్టలో రంగు నిలవదు, బొమ్మకి తాకేలోపే కొనలో ఎండిపోతుంది, మన ఎండలకైతే మరీ. మంచి మొన ఉన్న సైజు 1 గానీ 0 గానీ చాలు, మొత్తం మొహం దాంతోనే అయిపోతుంది. షాపువాడు ముంగిస వెంట్రుకల కుంచె ఇస్తానంటే వద్దనండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ముంగిసకి రక్షణ ఉంది, ఆ కుంచెలు అమ్మడమే నేరం.

ఇక రంగులు. నేను వాడేవి ఆరు: బర్న్ట్ సియెన్నా (ఎర్రటి బ్రౌన్), బర్న్ట్ అంబర్ (ముదురు బ్రౌన్), యెల్లో ఓకర్ (మట్టి పసుపు), ఐవరీ (ఏనుగు దంతం రంగు), క్రిమ్సన్ (ముదురు ఎరుపు), అల్ట్రామెరీన్ బ్లూ. 75 ఎంఎం బొమ్మకి కామెల్ ఆర్టిస్ట్ ఎక్రిలిక్ ట్యూబులు మీడియం (రంగుని పల్చన చేసే, రంగులేని ద్రవం) కలుపుకుంటే సరిపోతాయి. 28 ఎంఎంకి మాత్రం ట్యూబు రంగు కాస్త ముతక, వల్లెహో లాంటి డ్రాపర్ సీసాల రంగు తీసుకోండి. తెలుపు, నలుపు ఈ జాబితాలో కావాలనే పెట్టలేదు. బ్రౌన్‌లో తెలుపు కలిపితే లేతబడటం కాదు, రంగు చచ్చి బూడిదగా అవుతుంది. మన ఒంటి రంగు వేసిన బొమ్మల్లో సగం చెడేది అక్కడే.

పసిమి ఛాయ కావాలంటే ఓకర్ రెండు పాళ్లు, సియెన్నా ఒకటి, ఐవరీ రెండు. చామనఛాయకి సియెన్నా రెండు, ఓకర్ ఒకటి, అంబర్ ఒకటి. బాగా నల్లటి మనిషికి అంబర్ మూడు, సియెన్నా ఒకటి, అల్ట్రామెరీన్ కుంచె కొనతో తీసుకున్నంత. కంపెనీని బట్టి పాళ్లు అటూ ఇటూ అవుతాయి కాబట్టి కాగితం మీద వేసి ఆరాక చూడండి, ఎక్రిలిక్ ఆరాక ఒక మెట్టు ముదురుతుంది. మన సిపాయికి చామనఛాయే తీసుకుందాం.

నీడకి అదే కలుపులో కొంచెం అల్ట్రామెరీన్, కొంచెం క్రిమ్సన్ వేసి ఊదా వైపు లాగండి. వెలుతురుకి ముందు ఓకర్, ఆ తర్వాత ఓకర్‌తో పాటు ఐవరీ. నల్లటి ఒంటి మీద వెలుతురు పడే చోటు చిన్నగా ఉంటుంది, కానీ గట్టిగా మెరుస్తుంది, పైగా ఆరుబయటైతే ఆకాశం రంగు అందులో తెలుస్తుంది. అందుకని నల్లటి బొమ్మకి చివరి మెరుపులో మాత్రం ఐవరీకి చిటికెడు నీలం కలుపుతాను. పసిమి ఛాయకి ఆ పని చేస్తే జబ్బు మనిషిలా కనిపిస్తాడు.

మొదటి పూత నీళ్ల మజ్జిగలా పల్చగా ఉండాలి. రెండు సార్లు వెయ్యండి, మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. కింద ప్రైమర్ కాస్త కనపడినా కంగారు పడొద్దు. తర్వాత ఇందాక తీసిన ఫొటో చూసుకుంటూ కళ్ల గుంటల్లో, ముక్కు పక్కన, కింది పెదవి కింద, దవడ కింద నీడ వెయ్యండి. నుదురు, ముక్కు దూలం, చెంప ఎముక పైభాగం, గడ్డం కొన దగ్గర వెలుతురు వెయ్యండి. ఇక్కడిదాకా అందరూ చేసేదే. ఇక్కడ ఆపేస్తే చెక్కబొమ్మ, ఆపకుండా గ్లేజులు వేస్తే మనిషి.

గ్లేజ్ అంటే రంగు ఒక పాలు, నీళ్లూ మీడియం కలిపి ఏడెనిమిది పాళ్లు. కుంచె ముంచాక తప్పనిసరిగా టిష్యూ మీద ఒత్తండి, లేకపోతే మడుగు కట్టి అంచుల్లో మరక పడుతుంది. ఇంకో కిటుకు ఏంటంటే, కుంచె ఎక్కడ పైకి లేస్తుందో రంగు ఎక్కువగా అక్కడే దిగుతుంది. చెంప మధ్యలో ఎరుపు కావాలంటే చెవి వైపు నుంచి మొదలుపెట్టి చెంప మధ్యలో కుంచె ఎత్తాలి, మధ్యలో మొదలుపెట్టి బయటికి లాగితే ఎరుపంతా చెవి దగ్గర చేరుతుంది. ఈ ఒక్కటి చేతికి అలవాటైతే మిగతాదంతా ఓపిక పని.

మొహాన్ని మూడు అడ్డపట్టీలుగా అనుకోండి. నుదురు పసుపు వైపు, చెంపలూ ముక్కూ చెవులూ ఎరుపు వైపు, మగవాళ్లకి దవడ నీలం బూడిద వైపు. తెల్లటి ఒంటి మీద ఈ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. మన ఒంటి మీద తక్కువగా ఉంటుంది కానీ లేకపోలేదు. చామనఛాయ మీద చెంపలకి ఉత్త క్రిమ్సన్ వేస్తే రూజు పూసినట్టవుతుంది, అందుకే సియెన్నాలో కొద్దిగా క్రిమ్సన్ కలిపి వెయ్యండి. దవడకి అల్ట్రామెరీన్, అంబర్ కలిపిన గ్లేజ్ రెండుసార్లు వేస్తే నిన్న గీసుకున్న గడ్డం వచ్చేస్తుంది.

మన ఒంటికి ప్రత్యేకంగా ఉండే వాటికోసం విదేశీ వీడియోలు చూస్తూ కూర్చోవడం దండగ. కిటికీ దగ్గర కూర్చుని మీ చెయ్యి తిప్పి చూసుకోండి. చేతి వెనక భాగం నుంచి అరచేతికి రంగు మెల్లమెల్లగా మారదు, పక్క అంచున దాదాపు గీత గీసినట్టు మారుతుంది. వేళ్ల కణుపులు, మోచేయి, మోకాలు చుట్టూ ఉన్న చర్మం కంటే ముదురు. అరచేతి గీతల్లో బ్రౌన్ నిలుస్తుంది. కళ్ల చుట్టూ, నోటి చివర్ల దగ్గర కాస్త నలుపు. పై పెదవి ముదురు, కింది పెదవిలో గులాబీ కొంచెం ఎక్కువ. ఎండలో పనిచేసే మనిషికి ముంజేయి ఒక రంగు, చొక్కా చెయ్యి లోపల ఇంకో రంగు. మన సిపాయి కూడా అంతే. తలపాగా అంచు కింద నుదుటి మీద సన్నగా లేత పట్టీ, కాలర్ తెరిచిన చోట మెడ మీద ముదురు ముక్క పెట్టారంటే, అతను నెలల తరబడి ఎండలో ఉన్నాడని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. 28 ఎంఎం బొమ్మ మీద ఇవన్నీ పట్టవు. ముంజేయి, కణుపులు, కింది పెదవి, ఈ మూడూ చాలు.

కళ్ల సంగతికొస్తే, గుళ్లో విగ్రహానికి నేత్రోన్మీలనం చివర్లో చేస్తారు గానీ మనం మాత్రం ఒంటి రంగు మొదటి పూత, నీడ అవ్వగానే, వెలుతురూ గ్లేజులూ వెయ్యకముందే కళ్లు వేసేసుకోవాలి. కారణం ఒక్కటే, అప్పుడు కన్ను దాటి పోయిన రంగుని ఒంటి రంగుతో కప్పేసుకోవచ్చు. చివర్లో వేస్తే అందంగా కుదిరిన చెంప మీద నల్ల గీత పడుతుంది.

మొదలుపెట్టే ముందు కొలతలు ఒకసారి తెలుసుకోండి. మనిషి కన్ను బయటికి కనిపించే వెడల్పు సుమారు 30 మిల్లీమీటర్లు, నల్లగుడ్డు సుమారు 12, రెప్పల మధ్య ఎత్తు మామూలుగా 10 ఉంటుంది. 75 ఎంఎం బొమ్మ మనిషిలో ఇంచుమించు 24వ వంతు కాబట్టి నల్లగుడ్డు అర మిల్లీమీటరు. 28 ఎంఎంలో మొత్తం కన్నే అర మిల్లీమీటరు. ఇంకో సంగతి కూడా ఈ లెక్కలోనే ఉంది: నల్లగుడ్డు 12, తెరుచుకున్న ఎత్తు 10, అంటే మామూలుగా చూస్తున్న మనిషికి నల్లగుడ్డు గుండ్రంగా పూర్తిగా కనపడదు, పైభాగం రెప్ప కింద దాగుతుంది. నాలుగు వైపులా తెలుపు వదిలి మధ్యలో చుక్క పెడితే బొమ్మ హడలిపోయినట్టు కనిపించేది అందుకే.

బొమ్మని పట్టుకోవడానికి వీలుగా ఏదైనా మూతకి బ్లూటాక్‌తో (మళ్లీ ఊడదీయగలిగే జిగురు ముద్దతో) అంటించి, రెండు మోచేతులూ బల్ల మీద ఆనించి, రెండు మణికట్లూ ఒకదానికొకటి తాకేలా పెట్టండి. ఫ్యాన్ ఆపండి. ముందు కన్ను గుంటంతా బాదంగింజ ఆకారంలో అంబర్, అల్ట్రామెరీన్ కలిపిన ముదురు రంగు నింపండి. ఆరాక లోపల తెల్లగుడ్డు, చుట్టూ ఆ ముదురు అంచు సన్నగా మిగిలేలా. తెల్లగుడ్డుకి ఐవరీలో కొంచెం ఒంటి రంగు కలిపి వెయ్యండి, పై రెప్ప కింద ఇంకాస్త ముదురుగా. తెల్లటి తెలుపు అసలు వద్దు.

నల్లగుడ్డుని చుక్కగా పెట్టకండి, పై రెప్ప నుంచి కింది రెప్పకి నిలువు గీతగా దింపండి. గీత జారినా నిలబడుతుంది, చుక్క జారితే మెల్లకన్ను అవుతుంది. మీ చేతికి కష్టమైన కన్ను ముందు వెయ్యండి, అది ఎటు చూస్తే రెండోదాన్ని అటే చూసేలా చెయ్యడం తేలిక. బొమ్మ నేరుగా ముందుకి చూడటం కంటే కాస్త పక్కకి చూస్తే మీ పని సులువవుతుంది. సిపాయి కదా, ఎలాగూ కొండ వైపు చూస్తుంటాడు.

75 ఎంఎంలో ఆ గీత ముదురు బ్రౌన్‌తో వేసి, కింది సగంలో సియెన్నా చిన్న గీటు, మధ్యలో నలుపుకి దగ్గరగా కనుపాప, ముక్కు వైపు కొనలో గులాబీ చుక్క. మెరుపు చుక్క రెండు కళ్లకీ ఒకే వైపు ఉండాలి. పై రెప్ప అంచు ముదురు గీత, కింది రెప్ప అంచు మాత్రం ఒంటి రంగు కంటే ఒక మెట్టు లేత. కింద కూడా నల్ల గీత వేస్తే కాటుక పెట్టినట్టవుతుంది, కాటుక పెట్టుకున్న ఆడమనిషి బొమ్మైతే అదే కావాలి. కనుబొమలకి నలుపు వాడకండి, అంబర్‌లో అల్ట్రామెరీన్ కలిపి మూడు నాలుగు సన్న గీతలుగా వెయ్యండి.

28 ఎంఎంలో ఇదంతా చెయ్యగలవాళ్లున్నారు, మెచ్చుకోవాల్సిందే. కానీ బల్ల మీద ఆడుకునే సైన్యానికి ముప్పై మొహాలు వెయ్యాలంటే నా ఓటు తెలుపు లేని కన్నుకే. కళ్ల గుంటలో ముదురు గీత, కింద రెప్ప మీద చిన్న వెలుతురు, కథ ముగిసింది. చెయ్యి చాచినంత దూరం నుంచి చూస్తే అంత చిన్న బొమ్మ కంట్లో తెలుపు మనకి పెద్దగా కనపడదు, నీడే కనిపిస్తుంది.

తప్పు పడితే వెంటనే తడి కుంచెతో తుడవండి. ఆరిపోయాక గీకొద్దు, ఒంటి రంగుతో కప్పి మళ్లీ వెయ్యండి. అదే కన్ను మూడోసారి కూడా చెడితే పూతలు పేరుకుని రెప్ప ఆకారమే పూడిపోతుంది కాబట్టి, పాత కుంచెని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి ఒత్తేసి ఆ కన్ను వరకే రంగు తీసి, కుంచెతో ప్రైమర్ అద్ది మొదటినుంచి వేసుకోవడం నయం. ఆల్కహాల్ ఎక్కువైతే పక్క చెంప కూడా లేచొస్తుంది, జాగ్రత్త.

చివరికి వార్నిష్. బాగా మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ ముదురు బ్రౌన్ల మీద పడితే లోతు పోయి పైన పొగ పట్టినట్టుంటుంది. యూనిఫాంకి మ్యాట్ కొట్టండి, ఒంటికి సాటిన్ (కాస్త మెరిసే) వార్నిష్ కుంచెతో వెయ్యండి, నుదురు, ముక్కు మీద ఇంకో పూత వేస్తే చెమట పట్టిన మెరుపు వస్తుంది. బాగా మెరిసే గ్లాసీ వార్నిష్ కళ్లకీ, కింది పెదవికీ మాత్రమే, అదీ మిగతాదంతా పూర్తిగా ఆరాక.