పరాయి సైన్యం గుప్పిట్లో ఉన్న దేశం గురించి చర్చ పెట్టడం ఎలా?

కొన్నేళ్ల కింద బాగ్‌లింగంపల్లిలో ఒక చిన్న హాలు అద్దెకు తీసుకుని ఇరాక్ మీద చర్చ పెట్టాం. నలభై మంది దాకా వచ్చారు. రెండు గంటల పాటు చమురు గురించి, అమెరికా గురించి, సద్దాం హుస్సేన్ గురించి, మన విదేశాంగ విధానం గురించి మాట్లాడుకున్నాం. ఇరాక్ నుంచి వచ్చి ఇక్కడ పీహెచ్‌డీ చేస్తున్న ఒక యువకుడు వెనక వరుసలో కూర్చుని అంతా విన్నారు. చివర్లో మా పెద్దాయన ఒకరు ఆయన వైపు తిరిగి, "మీరే చెప్పండి బాబూ, సద్దాం నయమా, అమెరికా నయమా?" అని అడిగారు. అప్పటికి ఆయన చేతిలోని టీ చల్లారిపోయింది. "ఇంతసేపు మా దేశం గురించి మాట్లాడారు. మాది ఏ ఊరో ఒక్కరూ అడగలేదు" అన్నారు. గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు.

ఆ రోజు నాకు కలిగిన సిగ్గు ఇప్పటికీ పోలేదు. ఆ తర్వాత మేం చర్చ నడిపే పద్ధతి మార్చుకున్నాం. కాలేజీలోనో, కాలనీ గ్రంథాలయంలోనో ఇలాంటి చర్చ పెట్టాలనుకునే వారికి పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

ఒక ఊరు, ఒక రోజు, ఒక మనిషి

"ఇరాక్‌లో మానవ హక్కుల ఉల్లంఘనలు" అని పోస్టరు వేస్తే ఎవరికి తోచింది వారు మాట్లాడతారు. మేం ఇప్పుడు "బస్రా, సెప్టెంబర్ 2003, బహా మూసా" అని వేస్తాం.

బహా మూసా వయసు 26 ఏళ్లు. దక్షిణ ఇరాక్ నగరం బస్రాలో ఒక హోటల్లో రిసెప్షనిస్టు. సద్దాంను కూల్చిన అమెరికా, బ్రిటన్ సైన్యాలు అప్పుడు ఇరాక్‌ను తమ అధీనంలో ఉంచుకున్నాయి. ఇద్దరు చిన్నపిల్లల తండ్రి. 2003 సెప్టెంబర్ 14న బ్రిటిష్ సైనికులు ఆ హోటల్లో సోదా చేసి ఆయనను, మరికొందరిని పట్టుకెళ్లారు. తలలకు సంచులు తొడిగారు. కదలడానికి వీల్లేని భంగిమల్లో గంటల తరబడి ఉంచారు. కొట్టారు. రెండు రోజులు గడవకముందే ఆయన చనిపోయారు. ఒంటి మీద 93 గాయాలు లెక్కతేలాయి.

ఇంతవరకు నెమ్మదిగా చదివి వినిపించండి. తర్వాత అక్కడి నుంచి ఒక్కో మెట్టు పైకి ఎక్కండి. కొట్టింది ఎవరు? కొడుతుంటే చూసి ఊరుకున్నది ఎవరు? తలకు సంచి తొడగడం వంటి పద్ధతులను బ్రిటన్ ప్రభుత్వమే 1972లో నిషేధించింది కదా, ఆ సంగతి 2003 నాటి సైనికుల దాకా ఎందుకు చేరలేదు? సర్ విలియం గేజ్ నడిపిన బహిరంగ విచారణ 2011లో నివేదిక ఇస్తూ, ఇందులో రక్షణ శాఖ వైఫల్యం కూడా ఉందని తేల్చింది. ఈ కేసులో జైలు శిక్ష పడింది మాత్రం ఒకే ఒక్క సైనికుడికి, అదీ ఒక ఏడాది.

ఈ వరుసలో వెళ్తే, 'ఎవరో నలుగురు చెడ్డవాళ్లు చేసిన పని' అన్న వాదన, 'సైన్యాలన్నీ అంతే' అన్న వాదన రెండూ చిన్నబోతాయి. ఏ మెట్టు దగ్గర ఎవరు ఆపగలిగి ఉండేవారు అన్న ప్రశ్న ముందుకొస్తుంది. చర్చకు అసలు సరుకు అదే.

మాట దగ్గరే ఆగిపోకుండా చూసుకోండి

ఏటా సెప్టెంబర్ 17 వచ్చిందంటే హైదరాబాద్‌లో ఏం జరుగుతుందో మనకు తెలుసు. విమోచనమా, విలీనమా, విద్రోహమా, సమైక్యతా? పేరు దగ్గర మొదలైన వాదన పేరు దగ్గరే ముగుస్తుంది. 1948లో ఆ రోజులకు ముందూ తర్వాతా ఏ పల్లెలో ఎవరికి ఏం జరిగిందన్న ప్రశ్న వరకు చాలా సభలు రానే రావు. వేరే దేశం విషయంలోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది.

అందుకని 'ఆక్రమణ' అన్న మాటను మొదటి ఐదు నిమిషాల్లోనే తేల్చేయండి. మన ఊళ్లో ఆక్రమణ అనగానే చెరువు శిఖం భూములు గుర్తొస్తాయి, కబ్జా అన్న అర్థమే చెవిన పడుతుంది. యుద్ధ చట్టంలో దాని అర్థం వేరు. 1907 నాటి హేగ్ నిబంధనల్లో 42వది చెప్పేదేమిటంటే, ఒక ప్రాంతం వాస్తవంగా శత్రు సైన్యం అధికారం కిందికి వస్తే అది ఆక్రమిత ప్రాంతం. సైన్యం మంచి ఉద్దేశంతో వచ్చిందా, దురుద్దేశంతో వచ్చిందా అన్న దానితో ఈ నిర్వచనానికి సంబంధం లేదు. ఎలా వచ్చినా, వచ్చాక నెత్తిన పడే బాధ్యతలు అవే.

తేదీలు కూడా గోడ మీద రాసి పెట్టండి. 2003 మే 22న భద్రతా మండలి 1483వ తీర్మానం అమెరికా, బ్రిటన్‌లను ఆక్రమిత శక్తులుగా గుర్తించింది. 2004 జూన్ 28న అధికారం ఇరాక్ తాత్కాలిక ప్రభుత్వానికి బదిలీ అయింది. బహా మూసా మరణం ఈ రెండు తేదీల మధ్య జరిగింది. ఇరాక్‌లోనే హదీసా పట్టణంలో అమెరికా మెరైన్ల చేతిలో 24 మంది పౌరులు చనిపోయింది 2005 నవంబర్ 19న. అప్పటికి కాగితం మీద ఆక్రమణ ముగిసింది. ఈ తేడా తెలియకుండా మాట్లాడితే ఎదుటి పక్షం తేదీ పట్టుకుని మొత్తం వాదననే కొట్టేస్తుంది. యుద్ధంలో పాల్గొనని పౌరులను కావాలని చంపడం ఆక్రమణ ఉన్నా లేకపోయినా నేరమే. ఆ మాట విడిగా చెప్పండి.

చట్టాన్ని గోడకు అంటించండి

యుద్ధకాలంలో పౌరుల రక్షణ కోసం కుదిరిన 1949 ఆగస్టు 12 నాటి నాలుగో జెనీవా ఒప్పందంలో 150కి పైగా అధికరణలు ఉన్నాయి. సభలో అవన్నీ చదివితే సగం మంది వెళ్లిపోతారు. మేం నాలుగింటిని తేలిక తెలుగులో పెద్ద అక్షరాలతో చార్టు మీద రాస్తాం. 27: పౌరులను ఎల్లవేళలా మానవీయంగా చూడాలి. 33: ఒకరు చేసిన దానికి ఇంకొకరిని శిక్షించకూడదు. 49: అక్కడి జనాన్ని బలవంతంగా తరలించకూడదు, తన జనాన్ని తెచ్చి అక్కడ స్థిరపరచకూడదు. 55: ప్రజలకు తిండి, మందులు అందేలా చేతనైనంత వరకు చూడాలి.

ఎవరైనా "ఇది అన్యాయం" అంటే, లేచి వచ్చి ఏ వాక్యం కింద అన్యాయమో చూపించమని అడుగుతాం. మొదట్లో మొహమాటపడతారు. రెండో సమావేశానికి వేలు పెట్టి చూపిస్తూ మాట్లాడతారు. మన పార్లమెంటు కూడా 1960లో జెనీవా ఒప్పందాల చట్టం చేసిందని చెబితే ఇదంతా ఎక్కడో పరాయి వ్యవహారం అన్న భావన తగ్గుతుంది.

ఫొటో చూపించే ముందు

ఇరాక్‌లోని అబూ గ్రైబ్ జైల్లో అమెరికా సైనికులు ఖైదీలను హింసిస్తున్న ఫొటోలు 2004 ఏప్రిల్ చివర్లో అమెరికా టీవీలో వచ్చాయి. అవి నిజమైనవి. ఆ జైలు గురించి సైన్యంలోని ఉన్నతాధికారి టగూబా అప్పటికే విచారణ జరిపి నివేదిక రాశారు. అంతకుముందు ఫిబ్రవరిలోనే రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ ఖైదీల మీద జరుగుతున్న హింసను అమెరికా నాయకత్వంలోని సంకీర్ణ దళాలకు రాతపూర్వకంగా తెలియజేసింది. టీవీలో ఆ ఫొటోలు వచ్చిన కొద్ది రోజులకే లండన్‌లోని డైలీ మిర్రర్ పత్రిక, బ్రిటిష్ సైనికులు ఒక ఇరాకీ ఖైదీని హింసిస్తున్నట్టుగా ఫొటోలు వేసింది. అవి నకిలీవని తేలి, ఆ పత్రిక సంపాదకుడి ఉద్యోగం పోయింది.

ఈ రెండు ఉదాహరణలూ పక్కపక్కనే పెట్టి చూపించండి. నకిలీ ఫొటో బయటపడగానే "చూశారా, అన్నీ అబద్ధాలే" అనేవారు తప్పకుండా ఉంటారు. ఆ ఫొటోలు అబద్ధమే. వాటికి కొన్ని నెలల ముందు బస్రాలో బహా మూసా చనిపోయింది మాత్రం నిజం. అబద్ధపు ఫొటో వల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయేది నిజంగా దెబ్బలు తిన్నవారే. అందుకే వాట్సాప్‌లో వచ్చిన చిత్రాన్ని ఎంత కదిలించినా సరే మేం తెరమీదికి ఎక్కించం. ఎవరు తీశారు, ఎక్కడ, ఎప్పుడు అన్న మూడింటికీ జవాబు ఉంటేనే చూపిస్తాం. చనిపోయిన వారి ముఖాలైతే జవాబు ఉన్నా చూపించం.

లెక్కలు చెప్పేటప్పుడు

అంకె చెప్పిన ప్రతిసారీ అందులో ఎవరిని లెక్కపెట్టారో చెప్పండి. 1975 డిసెంబర్‌లో ఇండోనేసియా సైన్యం పొరుగున ఉన్న తూర్పు తిమోర్‌ను ఆక్రమించింది. తర్వాత ఏర్పడిన సత్యశోధన కమిషన్ ఆ ఘర్షణ కాలంలో కనీసం 1,02,800 మంది చనిపోయారని అంచనా వేసింది. అందులో చంపబడినవారు, ఆచూకీ లేకుండా పోయినవారు దాదాపు 18,600. మిగతా 84,200 మంది ఆకలికి, రోగాలకు బలయ్యారు. తూటాతో చనిపోయినవారినే లెక్కిస్తే ఒక అంకె, పొలాల నుంచి తరిమేస్తే తిండి లేక పోయినవారిని కలిపితే మరో అంకె. రెండూ నిజమే. ఆ తేడా చెప్పకపోతే సభ అంకెల తగవుగా మారుతుంది.

'అది సరే గానీ' వచ్చినప్పుడు

చర్చను పాడు చేసే మాట ఇదొక్కటే అంటాను. "బహా మూసా విషయం అది సరే గానీ, సద్దాం హలబ్జాలో ఏం చేశాడు?" హలబ్జా చిన్న విషయం కాదు. 1988 మార్చి 16న సద్దాం సైన్యం ఆ కుర్దు పట్టణం మీద విషవాయువు ప్రయోగించి దాదాపు ఐదు వేల మంది కుర్దులను చంపారు. ఆ మాట ఎత్తినవారిని నోరు మూయించడం తప్పు.

మేం పెట్టుకున్న నియమం ఇది. 'గానీ' దగ్గర అధ్యక్షులు చెయ్యెత్తుతారు. మాట్లాడేవారు మొదటి వాక్యాన్ని పూర్తి చేయాలి: "బహా మూసాను చిత్రహింస పెట్టి చంపడం నేరం." చుక్క. తర్వాత రెండో వాక్యం: "హలబ్జాలో జరిగింది నేరం." మళ్లీ చుక్క. రెండోదానికి ప్రత్యేకంగా సమయం కావాలంటే ఇస్తాం, కావాలంటే ఇంకో ఆదివారం ఇస్తాం. ఒకదాన్ని తెచ్చి ఇంకొకదాని మీద కప్పడానికి మాత్రం ఒప్పుకోం. చాలామంది మొదటి వాక్యం చెప్పి చుక్క పెట్టడానికి ఎంత తడబడతారో చూస్తే గుండె బరువెక్కుతుంది.

ఎదిరించేవారు చేసిన హింసకూ ఇదే నియమం. తూర్పు తిమోర్ కమిషన్ ఇండోనేసియా సైన్యం నేరాలతో పాటు, దాన్ని ఎదిరించి పోరాడిన ఫ్రెతిలిన్ సంస్థ తన బందీలను చంపిన సంగతినీ నివేదికలో రాసింది. మన నగరానికి ఈ పట్టింపు కొత్తది కాదు. రాజ్యహింసను నిలదీసినట్టే ఉద్యమాల హింసనూ ప్రశ్నించాలని పౌర హక్కుల నేత కె. బాలగోపాల్ గారు పట్టుబట్టారు. ఆ విభేదంతోనే పాత పౌర హక్కుల సంఘం నుంచి బయటికి వచ్చినవారు 1998లో మానవ హక్కుల వేదికను పెట్టారు.

'మీవాళ్లు' అన్న మాట

హైదరాబాద్‌లో ఇరాక్ గురించో, పాలస్తీనా గురించో మాట్లాడితే పావుగంటలో మతం మీదికి మళ్లే ప్రమాదం ఉంది. "మీవాళ్లు" అన్న మాట వినపడగానే ఆపండి. అందుకే మేం ఇరాక్, తూర్పు తిమోర్‌లను జంటగా తీసుకుంటాం. మొదటిదాంట్లో బాధితుల్లో అత్యధికులు ముస్లింలు. రెండోదాంట్లో ఆక్రమించిన దేశం ప్రపంచంలో అందరికంటే ఎక్కువ ముస్లింలున్న ఇండోనేసియా, బాధితుల్లో చాలామంది క్రైస్తవులు. రెండింటికీ గోడ మీది నాలుగు వాక్యాలే కొలత.

ఆ దేశం మనిషి గదిలో ఉంటే

ముందుగానే విడిగా కలవండి. మాట్లాడాలని ఉందా, వినడానికే వచ్చారా అని అడగండి. వినడానికైతే సభలో వారిని చూపించి పరిచయం చేయకండి. మాట్లాడతానంటే ఏ భాషలో సౌకర్యమో కనుక్కుని, ఉర్దూ అయినా ఇంగ్లిష్ అయినా పక్కన తెలుగు చేసేవారిని కూర్చోబెట్టండి. ఫొటో, వీడియో వద్దు. పోస్టరు మీద పేరు వద్దు. వారి అమ్మానాన్నలు ఇంకా అక్కడే ఉంటారు, వీసా ఇక్కడ ఉంటుంది. మొత్తం దేశం తరఫున తీర్పు చెప్పమని అడగకండి. ఏ ఊరు, ఆ ఊళ్లో ఏ వీధి, అక్కడ పొద్దున్నే ఏ దుకాణం తెరుస్తారు అని అడగండి. అక్కడి నుంచి చెప్పాలనుకున్నది వారే చెబుతారు.

సభ ముగిశాక

అదే రాత్రి ఒక పేజీ రాసి వచ్చినవారందరికీ పంపండి. అందరూ ఒప్పుకున్నవి ఏమిటి, ఏ ఆధారంతో ఒప్పుకున్నారు, తేలనివి ఏమిటి. పొరపాటు చెప్పి ఉంటే దిద్దుబాటు పై వరుసలోనే పెట్టండి. తేలని ప్రశ్నతోనే తర్వాతి సమావేశం మొదలుపెట్టండి.

పోయిన నెల మా కాగితంలో మిగిలిన ప్రశ్న ఇది. బహా మూసా కుటుంబానికి, ఆయనతో పాటు నిర్బంధంలో నలిగిన మరో తొమ్మిది మందికి కలిపి 28.3 లక్షల పౌండ్లు ఇవ్వడానికి బ్రిటన్ రక్షణ శాఖ 2008లో ఒప్పుకుంది. పరిహారం ముట్టిన తర్వాత కూడా బాధ్యులను కోర్టుకు లాగే హక్కు ఆ కుటుంబానికి ఉండాలా? ఒక లాయరు గారు, ఒక రిటైర్డు మాస్టారు చెరో వైపు నిలబడ్డారు. వచ్చే ఆదివారం సాయంత్రం ఐదింటికి వారిద్దరితోనే మొదలుపెడుతున్నాం.