ప్లంబింగ్ పనిలో ఇంటివారితో వచ్చే పేచీలు: లక్షణం, కారణం, పరిష్కారం

గోడ మీద చెమ్మ కనిపించిన చోటే పైపు పగిలి ఉండదన్న సంగతి ఈ పనిలో కొన్ని నెలలు గడిపిన ఎవరికైనా తెలుస్తుంది. పై అంతస్తు బాత్రూములో ఒక జాయింటు వదులైతే ఆ నీరు శ్లాబు వెంట పాకి, ఎక్కడో కింది గది మూలన బయటపడుతుంది. పని చేయించుకునేవారి కోపం కూడా చాలాసార్లు ఇలాగే ప్రయాణిస్తుంది. డబ్బు ఇచ్చేటప్పుడు బయటపడిన పేచీ, పాన తీయకముందు మనం చెప్పకుండా వదిలేసిన ఏదో ఒక మాట దగ్గర మొదలై ఉంటుంది. అందువల్ల కింద రాసిన ప్రతి సందర్భంలోనూ ఎదుటివారి గొంతు ఎంత పెద్దదని కాకుండా, ఆ మాట ఎక్కడ తప్పిపోయిందని వెతికాను. అందరూ మంచివారేనని నేను చెప్పడం లేదు. చివర్లో మంచివారు కానివారి గురించి కూడా ఉంది.

“నువ్వు చెయ్యి పెట్టకముందు బాగానే ఉంది”

కారుతున్న ట్యాపు మార్చడానికి వెళ్తాము, పానతో తిప్పగానే గోడలోని పాత జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు మర (బిగించడానికి చుట్లుగా కోసిన గాడి) దగ్గర విరుగుతుంది. లేదా పనికోసం మూసిన యాంగిల్ వాల్వు (ట్యాపుకు వెళ్లే నీటిని ఆపే చిన్న వాల్వు), తిరిగి తెరిచేసరికి స్పిండిల్ (పిడితో తిరిగే కడ్డీ) పక్క నుంచి కారడం మొదలవుతుంది.

మర కోసిన చోట పైపు గోడ మిగతా భాగం కంటే పలచగా ఉంటుంది కాబట్టి తుప్పు ముందుగా అక్కడే తినేస్తుంది. ఏళ్ల తరబడి ఎవరూ తిప్పని వాల్వులో నీరు కారకుండా ఉంచే లోపలి ప్యాకింగు ఎండి గట్టిపడి, కదిలించినప్పుడు పట్టు వదిలేస్తుంది. ఇవన్నీ మనకు కనిపిస్తాయి. ఇంటివారికి కనిపించేది మాత్రం ఒక్కటే: ఇతను వచ్చాడు, విరిగింది.

దీనికి మందు పని మొదలుపెట్టే ముందే వేయాలి. పాన పెట్టకముందు ఆ చోటును ఇంటి యజమానికి చూపించి, ఫోనులో ఫోటో తీసి, “సార్, ఈ మర తుప్పు పట్టి ఉంది, తిప్పితే లోపల విరిగే అవకాశం ఉంది, విరిగితే గోడ కొట్టి ముక్క మార్చాల్సి వస్తుంది, దానికి అదనంగా ఇంత అవుతుంది, మొదలుపెట్టమంటారా?” అని అడగండి. ఇదే మాట విరిగిన తర్వాత చెబితే సంజాయిషీలా వినిపిస్తుంది.

అప్పటికే విరిగిపోయి ఉంటే వాదన పక్కన పెట్టి ముందు మెయిన్ వాల్వు కట్టేయండి. నీళ్లు నేల మీద పారుతుండగా ఎంత న్యాయమైన మాట చెప్పినా ఎవరూ వినరు. తర్వాత విరిగిన ముక్కను గుడ్డతో తుడిచి వారి చేతికివ్వండి. అంచు లోపలిదాకా గోధుమ రంగులో ఉండి పొరలుగా రాలుతుంటే అది ఎప్పుడో పాడైన పైపు. అంచు మెరుస్తూ ఉంటే లోహం అప్పుడే తెగిందని అర్థం, అంటే మన బలం కూడా అందులో కొంత ఉన్నట్టే. అటువంటప్పుడు కూలి తీసుకోకుండా ముక్క మార్చి ఇవ్వడం నా పద్ధతి.

“రిపేరు చేశాక కూడా గోడ తడిగానే ఉంది”

నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ చికాకు పెట్టే ఫిర్యాదు ఇదే, అన్నిటికంటే తేలికగా నివారించగలిగేదీ ఇదే. లీకు ఆగినా, ఇటుకా ప్లాస్టరూ పీల్చుకున్న నీరు ఆరడానికి వారాలు పడుతుంది, గాలి ఆడని గదిలో అంతకంటే ఎక్కువ కూడా పట్టవచ్చు. ఆరేటప్పుడు గోడలోని లవణాలు తెల్లటి పొడిలా పైకి రావడంతో మచ్చ మునుపటికంటే పెద్దదైనట్టు కనిపిస్తుంది. ఈ సంగతి ముందుగా చెప్పకుండా వచ్చేస్తే, మూడో రోజున ఫోను మోగడం ఖాయం.

ఒకసారి ఒక పెద్దాయన నన్ను మోసగాడని వీధిలో అందరికీ వినిపించేలా తిట్టారు. నేను మార్చిన జాయింటులో ఏ లోపమూ లేదు, అయినా ఆయనకు చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. అప్పటినుంచి పని ముగిశాక చెమ్మ అంచు వెంట పెన్సిలుతో సన్నగా గీత గీసి, పక్కన తేదీ వేసి వస్తున్నాను. తడి ఆ గీత దాటి పాకితే ఒక్క పైసా అడగకుండా మళ్లీ వస్తానని, గీత లోపలే ఉంటే ఆరుతున్నట్టు లెక్క అని ఇంటివారికి చెబుతాను. ఆ తర్వాత ఫోను చేసేవారు కూడా తిట్టడానికి కాకుండా, తడి గీతకు ఎంత దూరంలో ఉందో చెప్పడానికే చేస్తున్నారు.

గీతతో పాటు పరీక్ష కూడా వారి ఎదుటే చేయాలి. మీటరు నుంచి నేరుగా వచ్చే లైనైతే ట్యాపులన్నీ కట్టించి, మీటరులోని అతి చిన్న ముల్లు అరగంటపాటు కదలకుండా ఉందో లేదో వారినే చూడమనండి. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి దిగే లైనుకు ఈ పరీక్ష పనికిరాదు. దానికి ట్యాంకులోకి వచ్చే నీటిని ఆపి, నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టి, ఇంట్లో ఎవరూ నీళ్లు వాడకుండా గంట తర్వాత చూడాలి. డ్రైనేజీ లైను లీకు ఈ రెండింటిలోనూ దొరకదు, ఎందుకంటే వాడినప్పుడే అందులో నీరుంటుంది. అక్కడ రెండు మూడు బకెట్లు వరుసగా పోసి కింద చూడటమే మార్గం.

“షవరు మార్చినా ధార పెరగలేదు”

లోపం బిగింపులో ఉందని వారి అనుమానం. నిజానికి సుమారు 10 మీటర్ల ఎత్తున్న నీటి స్తంభం ఇచ్చే ఒత్తిడి దాదాపు 1 బార్. ట్యాంకులోని నీటి మట్టం షవరు కంటే 3 మీటర్లే ఎత్తులో ఉంటే అక్కడికి చేరేది 0.3 బార్ మాత్రమే, పైపులోని రాపిడికి అందులోనూ కొంత పోతుంది. ఎంత ఖరీదైన షవరు తగిలించినా ఈ లెక్క మారదు.

పాత షవరు విప్పకముందే దాని కింద బకెట్టు పెట్టి, నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఇంటివారి ముందే చూసి రాసుకోండి. కొత్తది బిగించాక మళ్లీ చూడండి. రెండు అంకెలూ పక్కపక్కన ఉన్నప్పుడు సంభాషణ మీ పనితనం మీద నుంచి, ట్యాంకు ఎత్తు పెంచడమా లేక ప్రెషర్ పంపు పెట్టించడమా అన్న అసలు ప్రశ్న మీదికి మళ్లుతుంది. వడపోత జల్లెడలో ఇసుక చేరినా ధార తగ్గుతుంది కాబట్టి ముందు దాన్ని విప్పి చూడటం మరవకండి. లోపం అక్కడ దొరికితే కొత్త షవరు అమ్మే అవసరమే రాదు.

“అరగంట పనికి ఇంత డబ్బా?”

వారు చూసింది అరగంటే. ఎక్కడ తవ్వకూడదో మీకు తెలిసి ఉండటం వల్లనే అది అరగంటలో ముగిసిందన్నది వారికి కనిపించదు. మౌనంగా పనిచేసేవారికి ఈ మాట ఎక్కువగా ఎదురవుతుంది. ఏ వాల్వు ఎందుకు కట్టారో, ఏ అనుమానం ఎలా తీరిందో పైకి చెబుతూ పనిచేయడం అలవాటు చేసుకోండి.

వచ్చి చూసినందుకు ఇంత, కూలి ఇంత, సరుకు ఇంత అని విడివిడిగా, పని మొదలుకాకముందే రాసివ్వండి. గోడ తెరిచాక మరో లోపం బయటపడితే అక్కడితో పని ఆపి, పిలిచి చూపించి, కొత్త అంచనాకు ఒప్పుకున్నాకే ముందుకు వెళ్లండి. పూర్తిచేసి పెద్ద లెక్క చెబితే వచ్చే గొడవకు బాధ్యత మనదే. బేరమాడేవారికి అదే పనిని తక్కువకు చేస్తానంటే మొదట చెప్పిన ధర అబద్ధమని ఒప్పుకున్నట్టవుతుంది. దాని బదులు పనిని తగ్గించి చూపండి. ఉదాహరణకు, పాత యాంగిల్ వాల్వు బాగానే ఉంటే అది మార్చకుండా వాషరు మాత్రమే వేస్తానని చెప్పవచ్చు.

సరుకు తామే తెస్తామనేవారితో పేచీ పెట్టుకోనక్కరలేదు. బిగింపుకే మీ హామీ, వస్తువుకు కాదు అని బిల్లు మీద ఒక్క వాక్యం రాస్తే చాలు.

తప్పు పద్ధతిలోనే చేయమని పట్టుబట్టేవారు

ట్రాప్ (సింకు కింద కొంత నీరు నిలిచేలా వంచిన పైపు ముక్క) లేకుండా సింకును నేరుగా డ్రైనేజీ పైపుకు కలిపేయమంటారు. పైపు అతికించిన పది నిమిషాలకే నీళ్లు వదలమంటారు. కారణం మొండితనం కంటే తెలియకపోవడమే ఎక్కువ. ట్రాప్‌లో నిలిచే సుమారు 50 మిల్లీమీటర్ల నీరే మురుగు వాయువును గదిలోకి రాకుండా అడ్డుకుంటుంది. వాడని బాత్రూములో ఆ నీరు ఆవిరైతే వాసన వస్తుందని, ఒక చెంబు నీళ్లు పోస్తే ఆగుతుందని చూపిస్తే చాలామందికి విషయం వెంటనే అర్థమవుతుంది. ప్లాస్టిక్ పైపులను అతికించే సాల్వెంట్ సిమెంటు ఆరే వ్యవధి పైపు సైజును బట్టి, వాతావరణాన్ని బట్టి మారుతుంది. ఎంతసేపు ఆగాలో డబ్బా మీదే ఉంటుంది, అది చదివి వినిపించండి. అప్పటికీ వినకపోతే ఆ పని వదులుకోండి, ఎందుకంటే వారు చెప్పినట్టే చేశానన్న జవాబును రేపు కారినప్పుడు వారే ఒప్పుకోరు.

పక్కనే నిలబడి ప్రతి మరకూ సలహా చెప్పేవారు

అంతకుముందు ఎవరి చేతిలోనో మోసపోయి ఉంటారు. చేతికి టార్చి ఇచ్చి పట్టుకోమనండి, లేదా మీటరు దగ్గర కూర్చోబెట్టండి.

డబ్బు కోసం తిప్పించుకునేవారు, నోరు పారేసుకునేవారు

మొదట “పనిలో ఏమైనా తేడా కనిపించిందా అండీ?” అని సూటిగా అడగండి. చిన్న లోపం చెప్పడానికి మొహమాటపడి డబ్బు ఆపేవారు మీరు అనుకునేదానికంటే ఎక్కువమందే ఉంటారు. లోపం లేదంటే తేదీ, మొత్తం, చేసిన పని రాసి సందేశం పంపండి. పెద్ద పనులకు సరుకు కొనేముందు కొంత, గోడ మూసేముందు కొంత తీసుకోవాలని మొదటే ఒప్పుకుంటే ఈ దశ దాకా రాదు. గోడ మూసేముందు లోపలి జాయింట్ల ఫోటో తీయడం అప్పుడు రెండు విధాలా పనికొస్తుంది. బిగించిన ట్యాపును కోపంతో విప్పుకుని రావడం మాత్రం చేయకండి. అప్పటిదాకా తప్పు వారిది, ఆ తర్వాత మీది.

బూతులు మొదలైనా, చెయ్యి లేచినా పని మధ్యలో ఉన్నాసరే ఆపేయవచ్చు. కానీ తెరిచి ఉన్న పైపు చివరకు ప్లగ్గు బిగించి, ఏ వాల్వు కట్టారో, ఏది తెరిచి ఉందో ఇంట్లో మరొకరికి చెప్పి, అదే విషయం ఫోటోతో సహా సందేశంగా పంపి బయటికి రండి. మీరు వెళ్లిన గంటకు ఎవరో తెలియక వాల్వు తిప్పినా ఇల్లు తడవకూడదు.