వేలమంది వాడే వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్: రిలీజ్, టెస్టులు, ఇష్యూలు, తాళాలు

మైక్రోసాఫ్ట్ కోడ్ ఎడిటర్ అయిన వీఎస్ కోడ్‌లో ఎక్స్‌టెన్షన్లు (దానికి కొత్త సౌకర్యాలు జోడించే చిన్న ప్రోగ్రాములు) వాటంతట అవే అప్‌డేట్ అవుతాయి. వాడేవాళ్లు ఆ సెట్టింగ్ ఆపుకుంటే తప్ప, మీరు రాత్రి పబ్లిష్ చేసింది తెల్లారేసరికి వాళ్ల ఎడిటర్‌లో ఉంటుంది. పదిమంది వాడేటప్పుడు ఇది సౌకర్యం, లక్షమంది వాడేటప్పుడు ఇదే ప్రమాదం. కాబట్టి కొత్త ఫీచర్ల సంగతి తర్వాత, ముందు రిలీజ్ దారి చక్కబెట్టుకోవాలి. తప్పు జరిగితే మొదట కొద్దిమందికే తగలాలి, తగిలాక గంటలో సరిదిద్దే వీలుండాలి.

దానికి ప్రీ-రిలీజ్ ఛానెల్ తెరవండి, అంటే ముందుగా వాడి చూడటానికి ఒప్పుకున్నవాళ్లకే కొత్త వెర్షన్ వెళ్లే దారి. ఎక్స్‌టెన్షన్లని ప్యాకేజీ కట్టి పంపే వీఎస్‌సీఈ అనే టూల్‌లో పబ్లిష్ కమాండ్‌కి ప్రీ-రిలీజ్ ఫ్లాగ్ తగిలిస్తే చాలు. మార్కెట్‌ప్లేస్ (ఎక్స్‌టెన్షన్లు దొరికే మైక్రోసాఫ్ట్ అంగడి) మూడు అంకెల వెర్షన్లనే ఒప్పుకుంటుంది, చివర బీటా అని తగిలిస్తే ససేమిరా అంటుంది. అందుకని మైక్రోసాఫ్ట్ సూచించే పద్ధతి ఇది: మధ్య అంకె సరి సంఖ్య అయితే స్టేబుల్ (అందరికీ వెళ్లేది), బేసి అయితే ప్రీ-రిలీజ్. అంటే 2.4.x స్టేబుల్, 2.5.x ప్రీ-రిలీజ్, ఆ తర్వాతి స్టేబుల్ 2.6.0. ఇక్కడ చాలామంది మర్చిపోయే అడుగు ఒకటుంది. ఎడిటర్ ఎప్పుడూ పెద్ద నంబర్‌నే ఎక్కిస్తుంది. మీరు 2.4.3 పేరుతో అత్యవసర సవరణ పంపితే 2.5.x మీద ఉన్నవాళ్లకి అది అందదు. అదే సవరణతో ఇంకో 2.5.x కూడా పంపాలి. మీకోసం ముందుగా పరీక్షించి పెట్టేవాళ్లనే పాత బగ్‌తో వదిలేయడం అన్యాయం కదా.

ఒకసారి వాడిన వెర్షన్ నంబర్‌తో మళ్లీ పబ్లిష్ చేయడం కుదరదు. 2.6.0 చెడిపోతే, గిట్‌లో చివరి మంచి రిలీజ్‌కి పెట్టిన ట్యాగ్‌ని చెకౌట్ చేసి (ఆ పాత కోడ్‌కి వెళ్లి), వెర్షన్‌ని 2.6.1గా మార్చి పంపాలి. ఈలోగా గిట్‌హబ్‌లో ఒక ఇష్యూని (ఫిర్యాదు పేజీని) పైన పిన్ చేసి, ఎక్స్‌టెన్షన్ పేరు మీద రైట్ క్లిక్ చేసి పాత వెర్షన్ ఎలా ఎంచుకోవాలో అందులో రాయండి. ఇదంతా పనిచేయాలంటే ఒక షరతు ఉంది. 2.6.0లో మీరు దాచుకునే డేటా ఆకారం మార్చి ఉండకూడదు. మార్చి ఉంటే పాత కోడ్ ఆ డేటాని చదవలేక ఇంకో కొత్త తంటా తెస్తుంది. డేటా ఆకారం మార్పుని విడి రిలీజ్‌గా పంపండి, పాత ఆకారాన్ని చదివే కోడ్‌ని కొన్ని వెర్షన్ల వరకు ఉంచండి.

సెట్టింగ్ పేరు మార్చడం కూడా ఇలాంటిదే. పాత పేరుని ఎక్స్‌టెన్షన్ వివరాలుండే ప్యాకేజ్ డాట్ జేసన్ ఫైల్‌లోంచి పీకేయకుండా, ఇక వాడొద్దని చెప్పే డిప్రికేషన్ మెసేజ్ జోడించండి. విలువని కొత్త పేరుకి తరలించేటప్పుడు సెట్టింగ్ చదివే ఫంక్షన్లలో గెట్ వాడొద్దు, ఇన్‌స్పెక్ట్ వాడండి. గెట్ అన్ని స్థాయిల విలువలూ కలిపి చివరి ఫలితం ఇస్తుంది. దాన్ని యూజర్ సెట్టింగ్స్‌లో రాస్తే, ఒక ప్రాజెక్టు కోసం పెట్టుకున్నది అన్ని ప్రాజెక్టులకీ అంటుకుంటుంది. ఇన్‌స్పెక్ట్ అయితే యూజర్, వర్క్‌స్పేస్, ఫోల్డర్ విలువల్ని విడివిడిగా చూపిస్తుంది, ఎక్కడిది అక్కడే రాయొచ్చు.

ప్యాకేజీ సంగతి. ఈఎస్‌బిల్డ్ అనే టూల్‌తో కోడ్‌ని ఒకే ఫైల్‌గా (బండిల్‌గా) కట్టండి, వీఎస్‌కోడ్ అనే మాడ్యూల్‌ని మాత్రం ఎక్స్‌టర్నల్‌గా (బండిల్ బయట) వదిలేయండి. తర్వాత వీఎస్‌సీఈ ఎల్ఎస్ కొట్టి లోపలికి ఏ ఫైళ్లు వెళ్తున్నాయో చదవండి. టెస్ట్ డేటా, లోకల్ ఎన్విరాన్‌మెంట్ ఫైళ్లు దూరేది ఇక్కడే. రాస్తూ పరీక్షించడానికి ఎఫ్5 కొట్టినప్పుడు చక్కగా నడిచి ఇన్‌స్టాల్ చేశాక చచ్చిపోయే బగ్‌లకి కారణం దాదాపు ఒకటే: నడిచేటప్పుడు పేరు కూర్చి లోడ్ చేసే ఫైల్ బండిల్‌లోకి రాలేదు. కాబట్టి సీఐలో (కోడ్ మారినప్పుడల్లా బిల్డ్, టెస్టులు వాటంతట అవే నడిచే వ్యవస్థలో) సోర్స్‌ని పరీక్షించి ఊరుకోవద్దు. తయారైన విసిక్స్ ఫైల్‌ని (ఎక్స్‌టెన్షన్ ప్యాకేజీని) ఖాళీ ప్రొఫైల్‌లో ఇన్‌స్టాల్ చేసి, ఒక్క కమాండైనా నడిపి చూడండి. సీఐ నడిచే లినక్స్ రన్నర్ మెషీన్‌లో తెర ఉండదు గనక టెస్టుల్ని ఎక్స్‌వీఎఫ్‌బీ అనే ఉత్తుత్తి తెర కింద నడపాలి.

అదే విసిక్స్‌ని మార్కెట్‌ప్లేస్ లాంటి మరో అంగడి అయిన ఓపెన్ వీఎస్ఎక్స్‌కీ పంపండి, దానికోసం మళ్లీ బిల్డ్ చేయొద్దు. వీఎస్ కోడ్ మీదే కట్టిన వీఎస్‌కోడియం, కర్సర్ లాంటి ఎడిటర్లు వాడేవాళ్లకి దారి అదే. ఆ ఎడిటర్ల లోపలి వీఎస్ కోడ్ వెర్షన్ అసలుదాని కన్నా వెనకబడి ఉండొచ్చు. అంచేత ప్యాకేజ్ డాట్ జేసన్‌లో ఇంజిన్స్ కింద రాసే వీఎస్ కోడ్ కనీస వెర్షన్‌ని, కొత్త ఏపీఐ నిజంగా అవసరమైనప్పుడే పెంచండి. వాడే లైబ్రరీల్ని తనంతట తాను అప్‌డేట్ చేసే డిపెండెన్సీ బాట్, వీఎస్ కోడ్ ఏపీఐ టైప్స్ ప్యాకేజీని పెంచేసి కూర్చుంటుంది. అది ఇంజిన్స్ కన్నా ముందుకెళ్తే వీఎస్‌సీఈ ప్యాకేజీ కట్టనివ్వదు. బాట్‌కి ఆ ఒక్కటీ వదిలేయమని చెప్పండి.

భాషా సర్వర్ (కోడ్ చదివి తప్పులు, సూచనలు చెప్పే ప్రోగ్రాం) ఉన్న ఎక్స్‌టెన్షన్ అయితే తెలుగు కామెంట్ ఉన్న ఫైల్ ఒకటి టెస్టుల్లో ఉండాలి. ఎడిటర్, సర్వర్ మాట్లాడుకునే ఎల్ఎస్‌పీ ప్రోటోకాల్‌లో వరుసలో స్థానాన్ని మామూలుగా యూటీఎఫ్-16 (అక్షరాల్ని దాచే ఒక పద్ధతి) యూనిట్లలో లెక్కిస్తారు. ‘అమ్మ’ అనే మాటకి యూటీఎఫ్-16లో 4 యూనిట్లు, యూటీఎఫ్-8లో 12 బైట్లు. సర్వర్ బైట్లు లెక్కపెడితే, ఆ మాట తర్వాత వచ్చే తప్పు చూపించే ఎర్ర గీత ఎనిమిది స్థానాలు పక్కకి జరిగి పడుతుంది. రీనేమ్ అయితే వేరే అక్షరాల్ని చెరిపేస్తుంది. తెలుగుతో ఆగొద్దు, ఎమోజీ కూడా పెట్టండి. కోడ్ పాయింట్లు (యూనికోడ్ ఒక్కో గుర్తుకిచ్చిన నంబర్లు) లెక్కపెట్టే సర్వర్ తెలుగు దగ్గర తప్పించుకుని ఎమోజీ దగ్గర దొరికిపోతుంది, ఎందుకంటే దానికి యూటీఎఫ్-16లో రెండు యూనిట్లు పడతాయి.

‘ఎడిటర్ నెమ్మదించింది’ అనే ఫిర్యాదు ఆగకుండా వస్తూనే ఉంటుంది. మామూలుగా ఎక్స్‌టెన్షన్లన్నీ ఒకే హోస్ట్ ప్రాసెస్‌ని పంచుకుంటాయి, అందుకే మీ లూప్ బిగుసుకుంటే పక్కవాళ్ల ఆటో కంప్లీట్ కూడా ఆగుతుంది. తప్పు వాళ్లదైనా తిట్లు మీకు రావచ్చు. షో రన్నింగ్ ఎక్స్‌టెన్షన్స్ కమాండ్‌లో కనిపించే యాక్టివేషన్ సమయాన్ని ఇష్యూలో అతికించమనండి. అది చాలకపోతే స్టార్ట్ ఎక్స్‌టెన్షన్ బైసెక్ట్ నడపమనండి. సగం సగం ఆపుకుంటూ పోతుంది కాబట్టి 32 ఎక్స్‌టెన్షన్లున్నా అయిదారు దఫాల్లో దోషి దొరుకుతుంది. మీవైపు నుంచి, యాక్టివేషన్‌లో నక్షత్రం గుర్తు (ఎడిటర్ తెరవగానే లేపమని చెప్పేది) వాడకండి. ఫలానా భాష ఫైల్ తెరిచినప్పుడు మాత్రమే లేవండి.

ఇష్యూ ఫారంలో ఎడిటర్ వెర్షన్, ఎక్స్‌టెన్షన్ వెర్షన్, ఓఎస్, ఎస్ఎస్‌హెచ్ లేదా డబ్ల్యూఎస్ఎల్ లేదా కంటైనర్ ద్వారా రిమోట్‌గా పనిచేస్తున్నారా, బగ్ చూపించే పది వరుసల ఫైల్ తప్పనిసరి చేయండి. రిమోట్ ప్రశ్న వదలొద్దు. అక్కడ మీ కోడ్ నడిచేది వేరే మెషీన్‌లోనో కంటైనర్‌లోనో, పాత్‌లు వేరు. అడిగిన వివరం రాని ఇష్యూని కొన్ని వారాల తర్వాత బాట్ మూసేయొచ్చు. రుజువైన బగ్‌ని మాత్రం పాతబడిందని బాట్‌తో మూయించకండి. అదే బగ్ నెల తిరక్కుండా కొత్త నంబర్‌తో వస్తుంది, పాత చర్చంతా వృథా.

ఇక తాళాలు, అంటే పబ్లిష్ చేసే హక్కులు. పబ్లిషర్ ఖాతాలో కనీసం ఇద్దరుండాలి. పబ్లిష్ చేయడానికి పాస్‌వర్డ్‌లా వాడే టోకెన్‌కి మార్కెట్‌ప్లేస్ హక్కు తప్ప ఇంకేదీ ఇవ్వకండి. దానికి గడువుంటుంది, ఆ తేదీ ఇద్దరి క్యాలెండర్‌లోనూ రాసుకోండి. టోకెన్‌ని గిట్‌హబ్ వారి సీఐ అయిన గిట్‌హబ్ యాక్షన్స్‌లో విడి ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టి, ఇంకొకరు ఆమోదిస్తేనే రిలీజ్ జాబ్ నడిచేలా చేయండి. బయటివాళ్ల పుల్ రిక్వెస్ట్ (కలపమని పంపిన మార్పు) కోడ్‌ని నడిపే ఏ జాబ్‌కీ అది అందకూడదు. మర్జ్ హక్కు వేరు, పబ్లిష్ హక్కు వేరు. 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్‌లోని బ్యాక్‌డోర్‌ని (దొంగదారిని) పెట్టింది, ఏళ్ల తరబడి మంచి ప్యాచ్‌లు పంపి నమ్మకం సంపాదించుకున్న సహ మెయింటెయినర్ ఖాతానే.

ఓపిక అయిపోతే ఎక్స్‌టెన్షన్‌ని మార్కెట్‌ప్లేస్ నుంచి రిమూవ్ చేయకండి, అది వెనక్కి తీసుకోలేని పని. డిప్రికేటెడ్ అని గుర్తు పెట్టించి, బదులుగా దేన్ని వాడాలో రీడ్‌మీ మొదటి వరుసలో రాసి, కోడ్ ఉన్న రిపోని ఆర్కైవ్ చేయండి (చదవడానికే ఉంచండి).