అమ్మ వినికిడి యంత్రంలో ఈల ఎలా ఆగింది

మా అమ్మగారి వినికిడి యంత్రం 2 నెలలుగా ఈల వేస్తుంటే, అది పాడైందని భావించి కొత్తది కొనడానికి సిద్ధపడ్డాను. ముందుగా ఈఎన్‌టీ వైద్యునికి చూపించగా చెవిలో గట్టిపడిన గులిమి బయటపడింది. దానిని తీయించాక ఈల తగ్గింది గాని, నమిలేటప్పుడు, నవ్వేటప్పుడు మళ్లీ వినిపించేది. పాత ఇయర్‌మోల్డ్ (చెవి ఆకారానికి తగ్గట్టు చేసి చెవిలో అమర్చే భాగం) వదులైనందువల్ల, యంత్రం నుంచి వెలువడిన శబ్దం ఆ సందుగుండా బయటికి వచ్చి తిరిగి మైకులోకే చేరుతున్నదని ఆడియాలజిస్టు (వినికిడి నిపుణులు) వివరించారు. చెవి అచ్చు మళ్లీ తీసి, మెత్తటి సిలికాన్ మోల్డ్ చేయించాక ఈల పూర్తిగా ఆగిపోయింది. శబ్దం తగ్గించి వాడమని అంతకుముందు దుకాణంలో ఇచ్చిన సలహా నన్ను నేటికీ బాధిస్తుంది, ఎందుకంటే అలా తగ్గించినందువల్లే అమ్మగారు ఇంట్లో మా మాటలకు దూరమయ్యారు. ఇప్పుడు మోల్డును రోజూ పొడిగుడ్డతో తుడిచి, రాత్రిపూట బ్యాటరీ మూత తెరిచి, తేమను పీల్చే గుళికలున్న డబ్బాలో భద్రపరుస్తున్నాను.