ఇంట్లో చేసిన రంపం కుడికి లాగుతుంటే (నా అనుభవం)

0.8 మి.మీ. స్ప్రింగ్ స్టీల్ రేకు, తుమ్మకర్ర పిడితో 12 అంగుళాల రంపం చేసుకున్నాను. కోత బాగానే మొదలయ్యేది, అరంగుళం దిగేసరికి గీత వదిలి కుడికి పోయేది.

పట్టు మార్చాను, మైనం రాశాను, పళ్లన్నీ మళ్లీ ఆకురాయితో పదును పెట్టాను, లాభం లేదు.

తేడా పళ్ల వంపులో ఉంది. పళ్లను ఒకటి ఎడమకు, ఒకటి కుడికి వంచుతాం కదా, నా చేతిలో కుడివైపువి కాస్త ఎక్కువ వంగాయి. వెలుతురుకు ఎదురుగా పెట్టి పళ్ల వెంబడి చూస్తే ఆ వరస బయటికి పొడుచుకొచ్చినట్టు కనిపించింది.

కుడివైపు పైకి వచ్చేలా రంపాన్ని బల్ల మీద పరిచి, పిడిని అంచు బయటికి వదిలాను. నున్నటి సానరాయికి చుక్క నూనె రాసి, రేకుకు సమంగా ఆనించి, పిడి దగ్గర్నుంచి కొస దాకా పళ్ల పక్కగా ఒక్కసారే లాగాను. చేత్తో నొక్కలేదు, రాయి బరువే చాలు. టేకు ముక్క కోసి చూస్తే లాగడం సగం తగ్గింది. ఇంకోసారి రాయి లాగాక కోత గీత మీదే నిలబడింది! ప్రతిసారీ కోసి చూడాల్సిందే. ఎక్కువైతే ఎడమకు తిరుగుతుంది, పళ్లు మళ్లీ వంచుకోవాలి.

రేకే వంకరగా ఉంటే ఇది పనికిరాకపోవచ్చు. నాది అంగుళానికి 10 పళ్లున్న రంపం, పెద్ద పళ్లవాటికి రెండుసార్లు చాలకపోవచ్చు.