నైలాన్ వేయాలా డెల్రిన్ వేయాలా, రాడ్డు కొనే ముందు చూస్కోండి

మాది తాడిపత్రిలో లేత్ షాపు. మా దగ్గరికి ఎక్కువ వచ్చేది బండల పాలిష్ మెషిన్ల పనే, పొద్దున్నుంచి రాత్రి దాకా నీళ్ళు, రాతిపొడి కలిసిన బురదలో తిరిగే పార్టులు. వచ్చినోళ్ళు "అన్నా, తెల్ల రాడ్డుతో ఒక బుష్ చేసియ్యి" అంటారు. బుష్ అంటే షాఫ్ట్ తిరగడానికి దాని చుట్టూ వేసే గొట్టం లాంటి ముక్క. తెల్లగా ఉండే ప్లాస్టిక్ రాడ్లు నాలుగు రకాలుండాయి, నైలాన్, డెల్రిన్, టెఫ్లాన్, యూహెచ్ఎండబ్ల్యూ (ఒక రకం పాలిథిన్), తప్పు రకం వేస్తే మెషిన్ ఆగేది మీకే.

ఒకసారి నేను నైలాన్ బుష్ చేసిచ్చినా. షాఫ్ట్ వేలితో తిప్పితే హాయిగా తిరిగింది, మూడో రోజుకి పట్టేసింది, సుత్తితో కొట్టి తీయాల్సొచ్చింది. ఏందంటే నైలాన్ నీళ్ళు తాగుతాది, నైలాన్ 6 అయితే పూర్తిగా నానితే బరువులో 9 శాతం దాకా, అప్పుడు ఉబ్బుతాది, బయటేమో ఇనుప హౌసింగ్ (బుష్ కూర్చునే గూడు) టైటుగా పట్టుకోనుంటాది కాబట్టి ఉబ్బేదంతా లోపలికే వచ్చి బోరు, అంటే షాఫ్ట్ దూరే బొక్క, మూసుకుంటాది. డెల్రిన్ పూర్తిగా నానినా 1 శాతం లోపే. అందుకే నీళ్ళలో సైజు కచ్చితంగా ఉండాలంటే డెల్రిన్ అడగండి. యాసిడ్, క్లోరిన్ తగిలే చోట మాత్రం అదీ వద్దు.

నైలాన్ చెడ్డదని కాదు. పొడిగా ఉండే చోట, దెబ్బలు తగిలే గేర్లకి, శెనక్కాయలు ఒలిచే మిషన్ లాంటివాటికి నాకు అదే ఇష్టం. బురద రుద్దుకుంటా పోయే గైడ్లకి, లైనర్లకి యూహెచ్ఎండబ్ల్యూ వేస్కోండి, అరుగుదల చాలా తక్కువ, కాకపోతే 80 డిగ్రీలు దాటే వేడిలో పెట్టొద్దు. టెఫ్లాన్ 260 డిగ్రీల దాకా తట్టుకుంటాది గానీ మెత్తన, బరువు పడితే మెల్లగా జారిపోయి ఆకారం మారుతాది, సీళ్ళకి సరే, లోడు బుష్ కి ఒద్దు. వేడీ బరువూ రెండూ ఉంటే పీక్ అనే ఇంకో ప్లాస్టిక్ ఉంది, రేటు చూసి నిజంగా అవసరమైతేనే కొనండి.

షాపులో ఇచ్చిన రాడ్డు ఏదో తెలీకపోతే తూకం వేయండి. 50 ఎంఎం లావు, 100 ఎంఎం పొడుగు ముక్క నైలాన్ అయితే సుమారు 225 గ్రాములు, డెల్రిన్ 275 పైన, టెఫ్లాన్ 420 పైన తూగుతాది, యూహెచ్ఎండబ్ల్యూ అయితే బకెట్ నీళ్ళలో వేస్తే తేల్తాది. కొందరు కాల్చి వాసన చూస్తారు, అది మాత్రం చేయొద్దు, డెల్రిన్ పొగలో ఫార్మాల్డిహైడ్ ఉంటాది, టెఫ్లాన్ పొగ ఇంకా ప్రమాదం.

ఇంక కొలతలు. ప్లాస్టిక్ వేడికి ఇనుము కంటే చాలా రెట్లు ఎక్కువ సాగుతాది, 50 ఎంఎం డెల్రిన్ 30 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.15 ఎంఎం పెరుగుతాది. మా అనంతపురం ఎండల్లో షెడ్డే కాల్తా ఉంటాది, లేత్ మీద నుంచి దింపిన వెంటనే మైక్రోమీటర్ పెడితే తప్పు చూపిస్తాది. అందుకే నేను బోరులో అర ఎంఎం మిగిల్చి రాత్రికి వదిలేసి, పొద్దున్నే చల్లపూట కొత్తగా పదును పెట్టిన టూల్ తో ఫినిష్ కట్ వేస్తా. తీగ లాంటి పొట్టు చక్ కి (లేత్ లో ముక్కని పట్టుకుని తిప్పే భాగానికి) చుట్టుకుంటే మిషన్ ఆపినాకే తీయండి, తిరిగేటప్పుడు చెయ్యి పెట్టొద్దు.