స్పానిష్ ‘సె’కు తెలుగులో చుట్టాలు: కొను, పోవు, బడు

ఇంగ్లీషు మీదుగా స్పానిష్ నేర్చుకునేవాళ్లకు రిఫ్లెక్సివ్ క్రియలు (చేసిన పని చేసినవాళ్ల మీదికే వచ్చేవి) ఓ పట్టాన ఎక్కవు. "నన్ను నేను కడుగుతాను" అని అర్థం చెప్పుకుంటూ కూర్చుంటారు. నల్లగొండలోనైనా పాలమూరులోనైనా అట్ల ఎవరూ మాట్లాడరు. గిన్నె కడుగుతాం, చేతులు కడుక్కుంటాం. ఈ రెంటి మధ్య తేడా తెలిసినవాళ్లకు సగం పాఠం వచ్చేసినట్టే.

పళ్లెం కడిగితే ‘లావో ఎల్ ప్లాతో’. చేతులు కడుక్కుంటే ‘మె లావో లాస్ మానోస్’. (ఇక్కడ ‘వ’ అని రాసినచోటల్లా పెదవులు తాకీతాకకుండా, ‘బ’కు దగ్గరగా పలకాలి.) రెండో వాక్యంలో ‘నా చేతులు’ అని లేదు చూడండి. మనమూ అనం. ‘మిస్ మానోస్’ (నా చేతులు) అని రాస్తే అది ఇంగ్లీషు నుంచి వచ్చిన తప్పు.

నిఘంటువులో ఈ క్రియల చివర ‘సె’ తగిలించి ఉంటుంది: లావార్సె. ఆ ‘సె’ను ఊడదీసి, కర్తకు తగ్గట్టు మార్చి, క్రియకు ముందు పెట్టాలి. మిగిలిన ‘లావార్’ను మామూలుగా మార్చాలి. యో (నేను) మె లావో, తు (నువ్వు) తె లావాస్, ఎల్ (అతను) సె లావా, నోసోత్రోస్ (మేము) నోస్ లావామోస్, వోసోత్రోస్ (మీరంతా) ఓస్ లావాయిస్, ఎయోస్ (వాళ్లు) సె లావాన్. ‘మీరు’ అని గౌరవంగా పిలిచే ఉస్తెద్‌కూ ‘సె’నే. ‘ఓస్’ స్పెయిన్‌లోనే వినబడుతుంది. లాటిన్ అమెరికాలో దానితో పని లేదు.

తెలుగువాళ్లు జారేది సరిగ్గా ఇక్కడే. మన ‘కొను’ ఎవరికైనా ఒకటే: కడుక్కుంటా, కడుక్కుంటవు, కడుక్కుంటడు. ఆ అలవాటుతో ‘యో సె లావో’ అనేస్తారు. స్పానిష్‌లో ఆ ముక్క మనిషినిబట్టి మారి తీరాలి.

ఇక అది కూర్చునే చోటు. మారిన క్రియకు ముందు: మె లావో. ‘కాదు’ అనే ‘నో’ దానికీ ముందు: నో మె లావో. రెండు క్రియలు జతగా వస్తే ముందైనా పెట్టొచ్చు, చివర అతికించైనా పెట్టొచ్చు: ‘మె వోయ్ ఆ దుచార్’, ‘వోయ్ ఆ దుచార్మె’, రెండూ ఒకటే (స్నానం చేయబోతున్నా). నడిమధ్యలో మాత్రం కుదరదు. ‘లే!’ అని చెప్పేటప్పుడు వెనక అతుకుతుంది: లెవాంతతె. అప్పుడు నొక్కి పలికేది ‘వాం’ దగ్గర్నుంచి కదలకుండా రాతలో ఆ అచ్చు మీద గీత పెట్టాలి. ‘లేవకు’ అంటే మళ్లీ ముందుకే: నో తె లెవాంతెస్.

‘కొను’ ఉన్నచోటల్లా ‘సె’ ఉంటుందనుకుంటే దెబ్బ తింటారు. పండుకొను అంటే అకోస్తార్సె, కూర్చొను అంటే సెంతార్సె, దువ్వుకొను అంటే పెయినార్సె. ఇవి కుదిరాయి. నేర్చుకొను మాత్రం ఉత్త అప్రెందెర్, ఎంచుకొను ఉత్త ఎలెఖీర్. ఎదురు దిక్కున, లేచుటకు మనకు ‘కొను’ లేదు, వాళ్లకు లెవాంతార్సె. పెళ్లి చేసుకొను అంటే కసార్సె. కాకపోతే మనం ‘ఆమెను’ చేసుకుంటాం, వాళ్లు ‘ఆమెతో’ (కోన్ ఎయా) చేసుకుంటారు. ఇలాంటివి ఒక్కోటి కంఠస్థం చేయాల్సిందే.

వ్యాకరణ పుస్తకాలు ‘అర్థం మారే క్రియలు’ అని వేరే పట్టిక వేస్తాయి. తెలుగువాళ్లకు ఆ పట్టికలో చాలావరకు ‘పోవు’తోనో ‘వేయు’తోనో సరిపోతుంది. ఇర్ వెళ్లు, ఇర్సె వెళ్లిపోవు. కెదార్ మిగులు, కెదార్సె ఉండిపోవు. దోర్మీ ఓచో ఓరాస్: ఎనిమిది గంటలు పడుకున్నాను. మె దోర్మీ ఎన్ ఎల్ బుస్: దేవరకొండ బస్సులో కిటికీకి తల ఆనించగానే నిద్ర పట్టేసింది. కోమెర్ తిను, కోమెర్సె తినేయు. ఈ చివరిదానికి ఎన్ని తిన్నామో, ఏవి తిన్నామో తేల్చి చెప్పాలి: ‘మె కోమీ సెయిస్ ఇడ్లీస్’ (ఆరు ఇడ్లీలు తినేశా) సరైనది, అలా తేల్చి చెప్పకపోతే ‘కోమీ ఇడ్లీస్’ అని ‘మె’ లేకుండానే అనాలి.

చేతిలోంచి గ్లాసు జారితే ‘సె మె కాయో ఎల్ వాసో’. గ్లాసులైతే ‘సె మె కాయెరోన్ లోస్ వాసోస్’. క్రియ గ్లాసులనుబట్టే నడుస్తుంది, మన ‘పడిపోయినయి’లాగా. తప్పు నాది కాదు, గ్లాసుది అన్నట్టు రెండు భాషలూ మాట్లాడతాయి.

‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును’ అని గేట్లకు కట్టే బోర్డుకు స్పానిష్ ‘సె అల్కీలా’. ఇక్కడ ‘సె’ మన ‘బడు’.

రెండు చిక్కులు మిగిలాయి. ‘మె సియెంతో’ రెండు క్రియలకు ఉమ్మడి రూపం: ‘మె సియెంతో ఆకీ’ అంటే ఇక్కడ కూసుంటా, ‘మె సియెంతో మాల్’ అంటే నాకు బాగా లేదు. పక్క మాటనుబట్టి తేల్చుకోవాలి. ఇక ‘మె గుస్తా’లో ‘మె’ ఉన్నా అది రిఫ్లెక్సివ్ కాదు. అది ‘నాకు ఇష్టం’లోని ‘నాకు’. అనుమానం వస్తే అతనికి మార్చి చూడండి: ‘సె’ వస్తే రిఫ్లెక్సివ్, ‘లె’ వస్తే కాదు. సె లావా, లె గుస్తా.